మా రెయినీ, మా అమ్మమ్మ

1939 డిసెంబరు 22న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక నల్లావిడ చనిపోయింది. చావు కాగితంలో వృత్తి అనే గడి ఒకటుంటుంది గదా. ఆ గడిలో "ఇంటిపని" అని రాశారు.

ఆవిడ తొంభైకి పైగా పాటలు గ్రామఫోను రికార్డులకిచ్చింది. ముప్ఫై ఏళ్ళపైన దక్షిణాది రాష్ట్రాల్లో ఊరూరా గుడారాలేసుకుని పాడింది. బ్లూస్ పాటకి తల్లి అని జనం పిల్చుకున్నారు. ఆ తల్లి బతుకంతా చేసిన పని, సర్కారు లెక్కలో, ఇంటిపని!

మా అమ్మమ్మ చనిపోయినప్పుడు పంచాయతీ ఆఫీసుకి నేనే వెళ్ళాను. రాసుకునే ఆయన తలెత్తకుండా "ఏం పని చేసేది?" అనడిగాడు. "పాడేది" అన్నాను. అప్పుడు తలెత్తాడు. నా వంక చూసి నవ్వాడు. మళ్ళీ తల దించుకుని "కూలి" అని రాసుకున్నాడు.

నేను ఎకసెక్కానికి అన్లేదు. దుఃఖంలో మతిపోయి అన్లేదు. నిజమే చెప్పాను. ఆ నిజం పట్టే గడి ఆయన రిజిస్టర్లో లేదు. జార్జియాలోనూ లేదు, కొల్లేట్లోనూ లేదు. ఈ వ్యాసం ఆ గడి గురించే.

ఆ నల్లావిణ్ణి "మా రెయినీ" అంటారు. వాళ్ళ భాషలో "మా" అంటే అమ్మ. నేను తెలుగోణ్ణి కాబట్టి మొదటిసారి విన్నప్పుడు "మా" అంటే మాది అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. తప్పయితే తప్పే. దిద్దుకోను.

మాది కొల్లేటి అంచున ఒక పల్లె. ఏలూరు నుంచి కైకలూరు పోయే రోడ్డు దిగి గట్టెమ్మట నడవాలి. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు అన్నీ వచ్చి కొల్లేట్లోనే పడతాయి. బయటికి పోడానికి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే దారి. వచ్చే నీళ్ళు ఎక్కువ, పోయే దారి ఇరుకు. అందుకని వాన గట్టిగా పట్టిన ప్రతి ఏడూ సరస్సు ఒళ్ళు విరుచుకునేది. ఊరు మెరకనుంది, పల్లె పల్లానుంది. ఈ సంగతి ఏ ఇంజనీరూ ప్లాను గీసి పెట్టింది కాదు. అయినా ఆంధ్రదేశంలో ఎక్కడ చూసినా ఇదే ప్లాను.

మా అమ్మమ్మ ఊడ్పుల ముఠాలో పాట ఎత్తేది. ఇరవై ముప్ఫైమంది ఆడవాళ్ళు వరసగా వంగి నారు పెడుతుంటే ఈవిడ ఒక చరణం ఎత్తేది, మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. చేతులు పాటతో కలిసి కదిలేవి. సార్వా ఊడ్పులకి ఏలూరు కాలవ కిందకి, అక్కణ్ణుంచి తాడేపల్లిగూడెం చుట్టుపక్కలకి ముఠా కదిలేది. గూడెం అంటేనే మావాళ్ళకి తెలుస్తుంది, తాడేపల్లి అంటే వేరే ఊరనుకుంటారు. పాతిక రోజులు, నెల్లాళ్ళు అక్కడే పాకల్లో పడుకుని, వండుకుని తిని, ఊడ్పులయ్యాక కొలిచిన గింజలు మూట కట్టుకుని వచ్చేవాళ్ళు.

రైతులు కబురెట్టేటప్పుడు "ఆ పాటగత్తె ఉన్న ముఠాని పంపించండి" అనేవాళ్ళంట. ఎందుకు? పాట మీద ప్రేమా? ఆవిడ పాడితే మధ్యాన్నం అయ్యేసరికి కొంత ఎక్కువ నేల పడేది. నడుం నొప్పి తెలిసేది కాదు. పిల్ల తల్లి గట్టుకేసి చూసేది కాదు. పాటకి పని పెరుగుద్దని రైతుకి తెలుసు. కొలతకాడికి వచ్చేసరికి పాటకి వేరే గింజ లేదు. అందరికీ ఎంతో ఆవిడకీ అంతే. ఆ కొలతలోనూ కుంచంలో బొటనవేలు పెట్టి కొలిచేవాడు. దానిమీద కూడా ఆవిడ ఒక పాట కట్టింది. బొటనవేలు ఎంత లావుంటే ఆసామి అంత మారాజు అని దాని సారం. ఆ ఆసామి చేలోనే, ఆ ఆసామి గట్టుమీద గొడుగేసుకుని నిలబడుండగానే, పాడేవాళ్ళు. ఆయన తల ఊపుతూ వినేవాడంట. తనగురించే అని తెలియదు పాపం!

ఇదీ మా అమ్మమ్మ వృత్తి. నలభై ఏళ్ళ వృత్తి.

ఇక మా రెయినీ సంగతి. అసలు పేరు గెర్‌ట్రూడ్ ప్రిజెట్. అమెరికాలో బానిసత్వం చట్టంలో పోయింది 1865లో. ఈవిడ పుట్టింది 1880ల్లో. అంటే బానిసల మనవతరం. అప్పటికి నల్లవాళ్ళు సంకెళ్ళు వదిలించుకుని అప్పుల్లో పడ్డారు. దొర భూమి, దొర విత్తనం, దొర కొట్టులో అరువు. పంట చేతికొచ్చేసరికి లెక్క దొర పుస్తకంలో ఉంటుంది, అది ఎప్పుడు చూసినా ఇంకా బాకీయే. పాలేరుతనం తెలిసినవాడికి ఈ పుస్తకం గురించి చెప్పక్కర్లేదు.

పద్నాలుగేళ్ళకే ఆటలోకెక్కింది. 1904లో విల్ రెయినీ అనే ఆటగాణ్ణి పెళ్ళాడింది. ఆయన్ని "పా" అన్నారు, ఈవిణ్ణి "మా" అన్నారు. ఇద్దరూ గుడారపు ఆటల్లో తిరిగారు. పత్తితీతల కాలంలో కూలోళ్ళ చేతిలో నాలుగు డబ్బులుంటాయి, ఆట అక్కడికే పోవాలి. మన దగ్గర నూర్పిళ్ళయ్యాక కళ్ళాల్లోకి వీధి భాగవతులొచ్చినట్టు.

బంగారు నాణేలు గుచ్చిన హారం మెడనిండా వేసుకునేది. మనమైతే కాసులపేరు అంటాం. బంగారు పళ్ళు కట్టించుకుంది. ఇది విని మనలో సంస్కారవంతులు కొందరు ముక్కు విరుస్తారు. ఒక్కటి ఆలోచించండి. తరతరాలుగా మెడలో ఇనపకడియం తప్ప వేసుకోనివ్వని జాతి ఆడది, దీపాల వెలుగులో, మెడనిండా బంగారంతో వేలమంది ముందు నిలబడింది. అది సోకు కాదు, జవాబు. చెప్పులేసుకుని ఊళ్ళోంచి నడిచినందుకు తన్నులు తిన్న తాతలున్నవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుద్ది.

1920లో మామీ స్మిత్ అనే నల్లావిడ పాడిన బ్లూస్ రికార్డు విపరీతంగా అమ్ముడుపోయింది. కొన్నది ఎవరు? నల్లవాళ్ళే. రొట్టె మానుకుని ప్లేటు కొన్నారు, తమ గొంతు తాము వినడానికి. అప్పుడు కంపెనీలకి జ్ఞానోదయమైంది. "రేస్ రికార్డులు" అని నల్లవాళ్ళకి వేరే వరస పెట్టాయి. అమ్మేదాంట్లో కూడా వేరు గ్లాసే! అందులో పారామౌంట్ ఒకటి. దాని వెనక ఉన్నది విస్కాన్సిన్‌లో ఒక కుర్చీల కంపెనీ. వాళ్ళు గ్రామఫోను పెట్టెలు చెక్కేవాళ్ళు, పెట్టెలు అమ్ముడుపోవాలంటే ప్లేట్లు కావాలిగదా. ఆ కుర్చీల కంపెనీయే 1923లో మా రెయినీ గొంతు పట్టింది. 1924లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బాకా ఊదగా పాడింది. 1928కల్లా ఈ నాటుపాటల కాలం చెల్లిపోయిందని కంపెనీ ఆవిణ్ణి వదిలేసింది. 1935లో సొంతూరు కొలంబస్ చేరి, థియేటర్లు నడుపుకుంటూ బతికింది. నాలుగేళ్ళకి పోయింది. ఆ తర్వాతే ఆ కాగితం, ఆ గడి.

1990ల్లో ఏలూరులో డిగ్రీ చదివేటప్పుడు ఒక మిత్రుడు ఎక్కణ్ణుంచో కాసెట్టు తెచ్చాడు. సాంఘిక సంక్షేమ హాస్టలు గదిలో ఆరుగురం చుట్టూ కూచుని విన్నాం. అప్పడం నూనెలో వేగినట్టు ఒకటే చప్పుడు. ఆ చప్పుడు కిందనుంచి ఒక లావుపాటి గొంతు, తొందరలేని గొంతు. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. ఒక చరణం పాడి, అదే చరణం మళ్ళీ పాడి, మూడోదాంట్లో తెగ్గొట్టింది. నాకు ఒళ్ళు జలదరించింది. ఎత్తడం, మళ్ళీ ఎత్తడం, చివర్న విసిరెయ్యడం. ఈ నడక నాకు తెలుసు. బురదలో మోకాలు దాకా దిగి విన్న నడక ఇది.

ఆ పొద్దు నేను ఏడ్చాను. ఎందుకేడ్చావని మిత్రులడిగితే చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను.

అంతకు రెండేళ్ళ ముందు అమ్మమ్మ నన్ను చూడ్డానికి హాస్టలుకొచ్చింది. ఎండు చేపలు, అటుకులు మూటకట్టుకుని, బస్సు దిగి నడిచొచ్చింది. నేను క్లాసులో ఉంటే వరండాలో గోడకానుకుని కూచుంది. ఊరికే కూచోలేదు గదా, చిన్నగా రాగం తీసుకుంటోంది. నేనొచ్చేసరికి కుర్రాళ్ళు చుట్టూ మూగి నవ్వుతున్నారు. వాళ్ళూ మనవాళ్ళే, మన పేటల పిల్లలే. నేను గబగబా వెళ్ళి, "ఊరుకోవే, ఇది చేను కాదు" అన్నాను.

ఊరుకుంది. ఆ తర్వాత నా ఎదట మళ్ళీ పాడలేదు. పంచాయతీ ఆఫీసులో "పాడేది" అని చెప్పింది ఆ మనవడే. రాసుకునే ఆయన నవ్వినందుకు నాకు కోపమొచ్చింది. ఆయన కంటే ముందు నవ్వనిచ్చింది నేను. ఈ వ్యాసంలో ఎవర్ని తిట్టినా ఆ వరసలో మొదటి పేరు నాదేనని చదివేవాళ్ళు గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు రెండో పేరు. దాన్ని రాయను, ఆ మనిషి ఒకడు కాదు గనక. ఒక పెద్దాయన టేపురికార్డరుతో మా ఊరొచ్చాడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో. జానపద గేయాలు సేకరిస్తున్నాడన్నారు. మెరకన పెద్దింట్లో దిగాడు. పల్లెలోకి రాలేదు. ఆడవాళ్ళనే చావిడి దగ్గరికి పిలిపించారు. ఆయన అరుగుమీద, టేపురికార్డరు కుర్చీమీద, మా అమ్మమ్మ నేలమీద. మిషనుకిచ్చిన పీట కూడా మనిషికివ్వలేదు. ఒక మజ్జానమంతా పాడింది. పోయేటప్పుడు అమ్మమ్మ "బాబూ, నా పేరు రాసుకోలేదే" అనడిగింది. "అవసరం లేదమ్మా, ఇవి జనం పాటలు" అన్నాడాయన.

చాలా ఏళ్ళ తర్వాత ఏలూరులోనే ఒక పుస్తకంలో ఆ పాటలు కంటబడ్డాయి. అట్టమీద సేకర్త పేరు లావు అక్షరాల్లో ఉంది. ముందుమాట రాసినాయన పేరుంది. అచ్చువేసినాయన పేరుంది. కాగితం ఇప్పించినాయనకి కృతజ్ఞతలున్నాయి. పాడినావిడ దగ్గర మాత్రం "ఒక కూలి స్త్రీ" అనుంది. బొటనవేలు పాట కూడా ఉంది, కానీ అందులో బొటనవేలు లేదు! కుంచం ఉంది, గింజలున్నాయి, ఆసామిని మారాజన్న మాట ఉంది. వెక్కిరింత తీసేశారు. తిట్టిన పాట దీవెన పాటయి కూచుంది. కింద వ్యాఖ్య: పల్లెపడుచుల అమాయక హృదయానికిది దర్పణమట!

అయ్యా, మీరు మా పాటని సేకరించలేదు. మా పాటకి పళ్ళు పీకారు.

దీనికి పండితుల జవాబు నాకు కంఠతా వచ్చు. "జానపదానికి కర్త ఉండడు. అది సామూహిక సృష్టి. నోటినుంచి నోటికి పారే ఏరు. దానికి పేరు పెట్టడం అశాస్త్రీయం."

సరే. బ్లూస్ ఎవరు కట్టారు? అదీ నోటినుంచి నోటికి పారిందే. మా రెయినీయే జాన్ వర్క్ అనే సంగీత పరిశోధకుడికి చెప్పింది. 1902లో మిస్సోరీలో ఒక చిన్న ఊళ్ళో గుడారం వేస్తే, పొద్దున్నే ఆ ఊరి పిల్ల ఒకత్తె వచ్చి, వదిలేసి పోయిన మొగుణ్ణి తలుచుకుని ఒక వింత పాట పాడిందంట. మా రెయినీ దాన్ని నేర్చుకుని తన ఆటలో పెట్టింది. ఆ పిల్ల పేరు ఎవరూ రాసుకోలేదు. బ్లూస్ తల్లికి కూడా పేరులేని తల్లి ఒకతుంది. ఇది నేను దాచను. పేరు పోవడం మనదగ్గరే కాదు, నల్లవాళ్ళలోనూ జరిగింది. కానీ మా రెయినీ ఆ పిల్లని మర్చిపోలేదు. పాట నేనే కట్టానని బొంకలేదు. ముప్ఫై ఏళ్ళు గడిచినా, ఊరికొచ్చిన పిల్ల ఒకతుందని చెప్పింది. మన సేకర్త ముఖాముఖి కూచుని, పేరు చెవిన పడుతుంటే, వద్దన్నాడు. ఒకటి మరుపు, రెండోది నిర్ణయం.

పాట సామూహికమే. ఒప్పుకుంటాను. సామూహికమైతే అట్టమీద మీ ఒక్కడి పేరెందుకు? చెమట ఉమ్మడిది, గింజ మాత్రం మీ గాదెకా?

ఇంకో జవాబూ ఉంది. "అమెరికా నల్లవాళ్ళ సంగతి వేరు, కులం సంగతి వేరు. ఊరికే అరువు తెస్తున్నారు." అరువు మొన్న మొదలవలేదు. జోతిరావు ఫూలే 1873లో "గులాంగిరి"ని బానిసత్వం రద్దుకి పోరాడిన అమెరికా జనానికి అంకితమిచ్చాడు. బాబాసాహెబ్ 1946లో డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్‌కి ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయి కుర్రాళ్ళు బ్లాక్ పాంథర్ల పేరు తీసుకుని దళిత్ పాంథర్లయ్యారు. ఇది అరువు కాదు, చుట్టరికం. చుట్టాలింటికి పోయినప్పుడు వాళ్ళింట్లో ఏముంది, మనింట్లో ఏం లేదు అని చూడ్డం సహజం.

మనింట్లో లేనిదేంటో చూద్దాం. గ్రామఫోను మనకి రాలేదా? 1902లోనే కలకత్తాలో గౌహర్ జాన్ గొంతు పట్టారు. తర్వాత తెలుగులో కీర్తనలొచ్చాయి, జావళీలొచ్చాయి, నాటక పద్యాలొచ్చాయి, హరికథలొచ్చాయి. ఊడ్పుల పాట ఎందుకు రాలేదు? అమెరికా కంపెనీలకి నల్లవాళ్ళమీద దయ లేదు. నల్లవాడి జేబులో డాలరుంది. మా పల్లెలో అణా లేదు. కూలి గింజల్లో కొలిస్తే ప్లేటు దేంతో కొంటాం? దోచుకోడానికైనా మనదగ్గరికి రావాలి గదా. మార్కెట్టు కూడా మనల్ని ముట్టుకోలేదు!

అక్కడ ఉద్ధరించారని కాదు. మా రెయినీ ఆటలోనే ఎదిగిన పిల్ల బెస్సీ స్మిత్. తల్లీతండ్రీ లేని పిల్ల, చట్టనూగా వీధుల్లో అన్న గిటారు వాయిస్తే పాడి డబ్బులడుక్కున్న పిల్ల. 1923 నుంచి కొలంబియా కంపెనీకి 160 పాటలు పాడింది. మొదటి ప్లేటే లక్షల్లో అమ్ముడుపోయింది. అమ్మకంలో వాటా మాత్రం పైసా రాలేదు, పాటకింతని ఇచ్చి పంపించారు. 1927లో ఉత్తర కరోలినాలో ఆవిడ గుడారం గుంజలు పీకడానికి ముసుగులేసుకున్న క్లాన్ మనుషులొస్తే, ఎదురెళ్ళి బూతులు తిట్టి తరిమి, తిరిగొచ్చి పాట పూర్తిచేసింది. అదే 1927 ఫిబ్రవరిలో వరద మీద ఒక పాట రికార్డు చేసింది. రెండు నెలలకి మిసిసిపీ నది కట్టలు తెంచుకుంది. ఆరులక్షలమందికి పైగా ఇళ్ళు పోయాయి. గ్రీన్‌విల్ దగ్గర తెల్లవాళ్ళని పడవలెక్కించి పంపి, నల్లవాళ్ళని మాత్రం కట్టమీదే తుపాకీల కాపలాలో ఉంచి పని చేయించారు. కూలోళ్ళు పోతే మళ్ళీ రారని దొరలకి భయం.

నా చిన్నప్పుడు కొల్లేరు పొంగినప్పుడు మేమూ గట్టుమీదే ఉన్నాం. తాటిదోనెలు ముందు మెరకకెళ్ళాయి. మెరకని నీళ్ళు రాలేదు, అయినా వెళ్ళాయి. మాకు మూడో రోజు పులిహోర పొట్లాలొచ్చాయి. పైనుంచి విసిరారు. ఆ రాత్రి గట్టుమీద అమ్మమ్మ పాడింది. నాకు గుర్తున్న ఆఖరి పెద్దపాట అదే. బెస్సీ పాటకి ప్లేటుంది, ఈ పాటకి గట్టుంది. గట్టుని కూడా తర్వాత రోడ్డు చేశారు.

బెస్సీ చావు గురించి ఒక కథ ఉంది. 1937 సెప్టెంబరు 26న మిసిసిపీలో కారు ప్రమాదంలో చేయి నుజ్జయితే, తెల్లవాళ్ళ ఆస్పత్రి చేర్చుకోనందుకు చచ్చిపోయిందని. ఈ కథ నేను ఏలూరు మీటింగుల్లో ఎన్నిసార్లు చెప్పానో. కారంచేడు 1985, చుండూరు 1991 అని చెప్పి, ఆ వరసలో ఇది చెప్తే కుర్రాళ్ళ పిడికిళ్ళు లేచేవి. తర్వాత తెలిసింది, అది జరిగినట్టు కాదని. ఆవిణ్ణి ఏ తెల్ల ఆస్పత్రీ గెంటెయ్యలేదు. అంబులెన్సు తిన్నగా క్లార్క్స్‌డేల్‌లో నల్లవాళ్ళ ఆస్పత్రికే తీసుకెళ్ళింది. అక్కడే చేయి తీసేశారు, అక్కడే పోయింది.

నిజం తెలిశాక నాకు మొదట సిగ్గేసింది. తర్వాత భయమేసింది. గెంటెయ్యడం కంటే ఇది ఘోరం కాదా? ఆ రోడ్డుమీద నల్లమనిషిని తెల్ల ఆస్పత్రికి తీసుకెళ్ళాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. తలుపు వెయ్యక్కర్లేదు, తలుపు కొట్టేవాడే ఉండడు. మా ఊళ్ళో గుడికి మమ్మల్ని రావద్దని నా ఎరికలో ఎవరూ అన్లేదు. మా ఊళ్ళో అంటరానితనం లేదని పెద్దలు గర్వంగా చెప్తారు. నిజమే, ఎవడన్నా అంటుకోబోతేగదా! కాబట్టి మిత్రులారా, మనకి అబద్ధపు కథలు అక్కర్లేదు. మన నిజాలు వాటికంటే బరువైనవి.

బెస్సీ సమాధిమీద 33 ఏళ్ళు రాయి లేదు. 1970లో పడింది. వేయించిన ఇద్దరిలో ఒకరు జానిస్ జోప్లిన్ అనే తెల్ల గాయని. రెండోవారు హువానిటా గ్రీన్, చిన్నప్పుడు బెస్సీ ఇంట్లో నేల తుడిచిన నల్లపిల్ల. కోట్లు గడించిన కంపెనీ కాదు, నేల తుడిచిన చెయ్యి.

గుడి గురించి అన్నాను, మన సంఘం గురించీ అనాలి. అమ్మమ్మ బాప్తిస్మం పుచ్చుకున్నాక సంఘపెద్దలు లోకపు పాటలు మానమన్నారు. ఆదివారం కీర్తన, సోమవారం నుంచి నోరు కట్టు. అక్కడా బ్లూస్‌ని సాతాను పాటే అన్నారు. కానీ మా రెయినీకి పియానో వాయించిన థామస్ డార్సీ ఆ బ్లూస్ నడకనే తీసుకెళ్ళి చర్చిలో పెట్టాడు, గాస్పెల్ సంగీతానికి తండ్రి అయ్యాడు. మనకి దొరలనుంచి పుస్తకం వచ్చింది, అక్షరం వచ్చింది, దానికి తలవంచుతాను. దాంతోపాటు మన గొంతుమీద మనకే అసహ్యం కూడా వచ్చింది. అమ్మమ్మ తెలివైంది. కీర్తనల్ని ఊడ్పుబాణీలో పాడేసేది. పాస్టరుగారు కళ్ళుమూసుకుని ఆమెన్ అనేవారు.

ఇక మన ఉద్యమాల సంగతి. కోపమొస్తే రానీండి. సభలో గజ్జెకట్టిన ప్రతివాడూ ఏ బాణీమీద పాట కట్టాడు? ఊడ్పుబాణీ, దంపుబాణీ, జోలబాణీ, ఏడుపుబాణీ. అన్నీ ఆడవాళ్ళ నోటివి. మాటలు మార్చి, కాసెట్టు వేసి, రచన ఫలానా అన్న అని మగపేరు వేశాం. బాణీ ఎవరిదని ఒక్క కాసెట్టుమీదైనా రాశామా? పండితుడు వెక్కిరింత తీసేసి పేరు పోగొట్టాడు. మనం విప్లవం చేర్చి పేరు పోగొట్టాం.

మిగిలిన పేర్లు ఎలా మిగిలాయో చూడండి. షేక్ నాజర్ బుర్రకథ మిగిలింది, వెనక ప్రజానాట్యమండలి ఉంది. గద్దర్ 2023లో పోతే ఊళ్ళకి ఊళ్ళు కదిలాయి, వెనక ఉద్యమముంది. నిజామాబాదు చిందుల ఎల్లమ్మ 2005లో పోయింది. చిందు యక్షగానంలో బతుకంతా ఆడి పాడిన ఆవిడకి పేరు ముసలితనంలో గాని రాలేదు. గరిమెళ్ళ తెల్లదొరతనం వద్దని పాడితే దేశమంతా పాడింది, పాఠాల్లో చదివాం. ఆ కాలంలోనే రాజమండ్రి కుసుమ ధర్మన్న నల్లదొరతనం కూడా వద్దని పాడాడు. ఆ పాట మనం తవ్వుకుంటేగాని దొరకలేదు. మగాడు, చదువుకున్నవాడు, పత్రిక నడిపినవాడు ధర్మన్న గతే అదయితే, నిశాని వేసే మా అమ్మమ్మ గతేంటి?

ఇప్పుడు కొల్లేరు రండి. పాట వినపడదు. 1976లో సొసైటీలు పెట్టి చేపల చెరువులిచ్చారు, వడ్డోళ్ళకీ మనకీ అన్నారు. చూస్తుండగానే ఆ చెరువులు లీజుల పేరుతో పెద్దోళ్ళ చేతిలోకి పోయాయి. వరిచేలూ చెరువులయ్యాయి. 1999లో అభయారణ్యం అన్నారు, 2006లో బాంబులెట్టి గట్లు పేల్చారు. పక్షులకి లెక్కలున్నాయి, చేపలకి టన్నులున్నాయి. ఊడ్పులుపోయి ఎన్ని ముఠాలు చెదిరాయో, ఎన్ని గొంతులు మూగబోయాయో ఆ లెక్క ఏ ఆఫీసులోనూ లేదు. చెరువుకి తవుడు కావాలి, చెక్క కావాలి. చెరువుకి పాట అక్కర్లేదు.

చదువుకునే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ జేబులో ఫోనుంది. కుర్చీల కంపెనీ దయ మనకి అక్కర్లేదు. మీ పేటలో ఇంకా పాడే ముసలమ్మ ఒకతుంటుంది. వెళ్ళండి. అరుగుమీద కాదు, ఆవిడ పక్కన నేలమీద కూచోండి. ముందు పేరడగండి. ఇంటిపేరుతో సహా రాసుకోండి. తర్వాత పాట. వెక్కిరింత తీసెయ్యకండి, బూతు తీసెయ్యకండి. బాణీ తీసుకుంటే ఫలానా ఆవిడ బాణీ అని చెప్పి తీసుకోండి.

ఇంతసేపు చెప్పి మీ అమ్మమ్మ పేరు మీరెందుకు రాయలేదని అడుగుతారు. కావాలనే రాయలేదు. ఆ పుస్తకం ఇప్పటికీ లైబ్రరీల్లో ఉంది. "ఒక కూలి స్త్రీ" అన్న ఆ మూడు ముక్కలు కొట్టేసి, మళ్ళీ అచ్చువేసి, అక్కడ ముందు రాయండి. బొటనవేలు దాని చోట దాన్ని పెట్టండి. బాకీ ఉన్నవాళ్ళే బాకీ తీర్చాలి. మనవడు తీరిస్తే అది చెల్లు కాదు.

అక్కడ రాసిన రోజున ఇక్కడా రాస్తాను. అప్పటిదాకా ఈ ఖాళీ ఇలాగే ఉంటుంది, ఆ గడి ఖాళీగా ఉన్నంతకాలం.